ఆర్సీలో ఒక బండి, షెడ్డులో ఇంకో బండి: మార్పులు చేసిన పాత కారు కొనడం, అమ్మడం

"1944 విల్లీస్ జీపు, లో బానెట్, ఫుల్ కండిషన్, పేపర్లు క్లియర్" అని ఒక ప్రకటన కనిపిస్తుంది. ఫొటోలో ఆలివ్ గ్రీన్ రంగు, బానెట్ మీద తెల్ల నక్షత్రం, వెనకాల జెర్రీ క్యాను, రెండో ప్రపంచ యుద్ధంలోంచి నేరుగా నడుపుకుంటూ వచ్చినట్టే ఉంటుంది. ఆర్సీ ఫొటో పంపమంటే మాత్రం అందులో మహీంద్రా, మోడల్ ఎంఎం 540, డీజిల్, 2112 సీసీ అని ఉంటుంది. అంటే ఛాసిస్, అదే బండి కింది ఇనుప చట్రం, మహీంద్రాది, బాడీ రేకు నిన్నగాక మొన్న కొట్టింది, బానెట్ కింద ఉన్న ఇంజన్ ఎవరిదో ఇంకా తేలాలి. అమ్మేవాడు అబద్ధం చెప్పాడా అంటే, ఆయన లెక్కలో చెప్పలేదు, చూడటానికి విల్లీస్ లాగే ఉంది కదా అంటాడు.

ఇలాంటి బేరాల్లో మొదట తెలుసుకోవాల్సింది ఇదే. మార్పులు చేసిన పాత బండి ఎప్పుడూ రెండు బండ్లు. ఒకటి కాగితం మీద ఉండేది, ఇంకోటి ఇనుముతో ఉండేది. ఈ రెండింటికీ మధ్య దూరం ఎంత ఉందో అంత రిస్కు. ధర కూడా ఆ దూరాన్ని బట్టే పెరగాలి, తగ్గాలి, కానీ మన దగ్గర ధర ఫొటోను బట్టి పెరుగుతోంది.

మన దేశంలో క్లాసిక్ అని జనం వెతికేవి పెద్దగా లేవు. అంబాసిడర్, ఫియట్ అని అందరూ పిలిచే ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, మారుతి జిప్సీ, మొదటి తరం మారుతి 800, జీపులు. వీటిలో ఒక్కటి కూడా కంపెనీ నుంచి వచ్చినట్టుగా మిగిలి ఉండటం అరుదు, ఎందుకంటే ఇవి షోకేసులో పెట్టిన బండ్లు కావు, పెళ్లిళ్లకు, పొలాలకు, ఆఫీసులకు తిరిగిన బండ్లు, ఏ పార్టు పోతే ఆ రోజు దొరికిన పార్టు వేసి నడిపినవి. పద్మినిలో మారుతి సీట్లు, అంబాసిడర్‌లో టాటా బండి హారన్ కనిపిస్తే దాన్ని మోడిఫికేషన్ అనుకోకూడదు, అది సంసారం. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది.

మార్పుల్లో కొన్ని బండిని రోజూ వాడుకునేలా చేస్తాయి. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టడం, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, పాత నైలాన్ టైర్ల బదులు రేడియల్ టైర్లు, సీటు బెల్టులు, కొత్త వైరింగ్. ఇలాంటివి ఉంటే కొనేవాడు సంతోషిస్తాడు, పెద్దగా అడగడు, అమ్మేటప్పుడు ధర కూడా తగ్గదు. వీటిని కావాలంటే ఒక రోజులో విప్పేసి పాతవి బిగించుకోవచ్చు. ఇంకొన్ని మార్పులు బండిని వేరే బండిగా చేస్తాయి. ఇంజన్ మార్చడం, టాపు కోసేయడం, ఛాసిస్ పొడవు తగ్గించడం, మడ్‌గార్డు బయటికి వచ్చేంత వెడల్పు టైర్లు వేయడం. వెనక్కి తిప్పుకోగలిగిన మార్పుకీ, తిప్పుకోలేని మార్పుకీ మధ్య గీత చాలా స్పష్టంగా ఉంటుంది, వెల్డింగ్ సెట్టు, గ్యాస్ కటింగ్ ఎక్కడ వాడారో అక్కడ ఆ గీత దాటినట్టే.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 అని ఒకటి ఉంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు మారేలా బండిని ఎవరూ మార్చకూడదు అంటుంది. ఈ రూపం 2000లో చేసిన సవరణతో వచ్చింది. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవచ్చు, చిన్నచిన్న ఫిట్టింగులు పెట్టుకోవచ్చు, తీసేసుకోవచ్చు, పాత ఇంజన్ పోతే అనుమతితో అదే రకం ఇంజన్ వేసుకోవచ్చు, కానీ బండి అసలు నిర్మాణాన్ని, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మార్చకూడదు. ఆ తీర్పు వచ్చినప్పుడు జీపు గ్రూపుల్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది, కొన్ని నెలలు ప్రకటనల్లో "మోడిఫైడ్" అన్న మాటే మాయమైంది, తర్వాత మెల్లగా "రీస్టోర్డ్" అని పేరు మార్చుకుని తిరిగి వచ్చింది. అదే 2019లో చట్టానికి చేసిన సవరణలో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాట గమనించాలి. ఒక మోడిఫైడ్ జీపు చుట్టూ పెన్ను కాగితం పట్టుకుని ఒక్కసారి తిరిగితే ఎన్ని లెక్కకొస్తాయో ఊహించుకోవచ్చు. తయారీదారుకి, డీలరుకి అయితే ఇంకా ఎక్కువ, నిబంధనలకు విరుద్ధంగా ఉన్న బండి అమ్మితే ఏడాది వరకు జైలు లేదా బండికి లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది. పెద్ద షోరూములు ఇలాంటి బండ్లు ఎక్స్చేంజికి కూడా తీసుకోకపోవడానికి ఇదొక కారణం.

ఒక తమాషా ఉంది. ఇదే సెక్షన్ 52, సీఎన్జీ, ఎల్పీజీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మారడానికి ఆమోదం పొందిన కన్వర్షన్ కిట్‌తో చేసే మార్పును మాత్రం ఒప్పుకుంటుంది. అంటే పాత పద్మినిలో ఇంకో కంపెనీ పెట్రోల్ ఇంజన్ పెడితే తప్పు, ఉన్న ఇంజన్ మొత్తం పీకేసి ఆమోదం ఉన్న ఎలక్ట్రిక్ కిట్ బిగించి ఆర్సీలో ఎక్కిస్తే తప్పు కాదు. క్లాసిక్ అభిమానులకు ఇది మింగుడు పడదు. కానీ కాగితం వైపు నుంచి చూస్తే అలా మార్చిన బండే శుభ్రమైన బండి, ఇంధనం గడిలో ఏముందో బానెట్ కింద అదే ఉంటుంది. ఎల్పీజీ కూడా అంతే. వేలకొద్దీ పాత అంబాసిడర్లకు, మారుతీలకు గ్యాసు కిట్లు ఉన్నాయి, వాటిలో ఆర్సీలో ఎక్కించినవి ఎన్ని, మెకానిక్ బిగించి పంపించేసినవి ఎన్ని అన్నది ఆర్సీ తెరిచి చూస్తేనే తెలుస్తుంది. ఎక్కించని గ్యాసు కిట్ ఉన్న బండి కొనేటప్పుడు, బేరం అయ్యాక తీయిస్తాను అని కాకుండా, ముందు తీయించి ఇవ్వమని అడగడం మంచిది.

ఇంకో మినహాయింపు లాంటిది ఉంది, చాలామందికి తెలియదు. 2000 సవరణకు ముందు రవాణా శాఖ అనుమతితో ఇంజన్ మార్చుకునే వీలు ఉండేది. ఆ రోజుల్లో పెట్రోల్ జీపులకు డీజిల్ ఇంజన్ వేసి, ఆఫీసులో దరఖాస్తు పెట్టి, ఆర్సీ పుస్తకంలో కొత్త ఇంజన్ నంబరు రాయించి స్టాంపు కొట్టించుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటి ఎంట్రీ ఉన్న పాత ఆర్సీ పుస్తకం, ఆ పసుపు రంగు చిరిగిన కాగితం, ఎంత కొత్త పెయింట్ కన్నా విలువైనది. దాన్ని స్మార్ట్ కార్డుగా మార్చేటప్పుడు పాత పుస్తకం జిరాక్సు దాచుకోని యజమానులు తర్వాత చాలా చింతిస్తారు, ఎందుకంటే కార్డులో చివరి నంబరు మాత్రమే ఉంటుంది, అది ఎలా వచ్చిందో కథ ఉండదు.

ఇంజన్ మార్పుల్లో రెండు ఉదాహరణలు చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. జిప్సీ 1985లో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది, తర్వాత వచ్చిన జిప్సీ కింగ్‌లో 1298 సీసీ ఇంజన్. పాత జిప్సీలో ఈ 1.3 ఇంజన్ పెట్టుకోవడం బాగా జరిగే పని. రెండూ ఒకే కంపెనీవి కాబట్టి ఫిట్టింగ్ పెద్ద కష్టం కాదు, నడిపితే బండి నిజంగానే బాగుంటుంది. కానీ ఆర్సీలో సీసీ గడిలో 970 అనే ఉంటుంది, ఇంజన్ నంబరు కలవదు. "అదే కంపెనీ కదా" అన్న వాదన ఆర్టీవో ఆఫీసులో నిలబడదు, ఎందుకంటే ఆ మోడల్‌కి ఆ కంపెనీ ఇచ్చిన ఇంజన్ అది కాదు. అంబాసిడర్‌ది ఇంకో రకం గందరగోళం. పాతవాటిలో ఉండేది బ్రిటిష్ బీఎంసీ కుటుంబానికి చెందిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, 1990ల మొదట్లో కంపెనీయే ఇసుజు 1817 సీసీ ఇంజన్, ఐదు గేర్లతో 1800 ఐఎస్‌జెడ్ అని ఒక మోడల్ తెచ్చింది. కాబట్టి ఇసుజు ఇంజన్ ఉన్న అంబాసిడర్ కనిపిస్తే అది కంపెనీ బండి కావచ్చు, షెడ్డులో మార్చింది కావచ్చు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆర్సీలో సీసీ చూడటం అరనిమిషం పని, ఆ అరనిమిషం పెట్టకుండా అడ్వాన్సు ఇచ్చేసేవాళ్లే ఎక్కువ.

పాత అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. షెడ్డులో ఇంజన్ మార్చినవాళ్లలో బ్రేకులు కూడా మార్చినవాళ్లు తక్కువ. ఇంజన్ వినిపిస్తుంది, బ్రేకు వినిపించదు కదా! పద్మినిలో, జీపుల్లో కూడా ఇదే కథ. బలం పెంచి, ఆపే శక్తి అలాగే వదిలేసిన బండిని ఎంత చవకగా ఇచ్చినా వదిలేయడమే మేలు, లేదా బ్రేకుల ఖర్చు ముందే ధరలోంచి తీసేసి మాట్లాడాలి.

ఇక జీపుల దగ్గరికి వద్దాం. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. హర్యానాలో సిర్సా జిల్లా, పంజాబ్ సరిహద్దు పక్కనే మండీ డబ్వాలీ అని ఒక ఊరు. సైన్యం వేలంలో అమ్మేసిన జీపులు, పాత మహీంద్రాలు తెచ్చి, విప్పి, కొత్త రేకు బాడీలు కట్టి, కోరిన ఇంజన్, కోరిన రంగు, కోరిన టైర్లు వేసి అమ్మడానికి దేశమంతా పేరున్న చోటు అది. హైదరాబాద్, విజయవాడల్లో తిరిగే మెరిసే జీపుల్లో కొన్ని ఆ వైపు నుంచి లారీ మీద దిగినవే. పనితనం గురించి తీసిపారేయడానికి లేదు, రేకు కొట్టడంలో వాళ్ల చేతి పని చూడముచ్చటగా ఉంటుంది. చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. ఒక కొత్త బాడీ, కొత్త ఇంజన్, పాలిష్ కొట్టిన ఛాసిస్ కలిపి జీపు అయితే తయారైంది, మరి దానికి ఆర్సీ ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కడో మూలన పడి తుప్పుపట్టిన ఒక మహీంద్రా ఆర్సీ తెచ్చి, దాని నంబరు ఈ ఛాసిస్ మీద కొట్టడమో, నంబరు ఉన్న ముక్క కోసి తెచ్చి ఇక్కడ అతికించడమో చేసే మోసగాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. ఇక అది మోడిఫికేషన్ కాదు, క్రిమినల్ కేసు. కొన్నవాడికి తెలియదు అని చెప్పుకున్నా బండి పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడుస్తుంది.

అందుకే ఛాసిస్ నంబరు పరీక్ష ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. బదిలీ కాగితాలకు ఎలాగూ ఛాసిస్ పెన్సిల్ ప్రింట్ కావాలి, అంటే నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు తేలతాయి. ఆ పని అడ్వాన్సు ఇచ్చాక ఏజెంటు చేత చేయించే బదులు, బండి చూడ్డానికి వెళ్లిన రోజే స్వయంగా చేయాలి. రుద్దినప్పుడు అక్షరాలు ఒకే లోతులో, ఒకే వరసలో ఉన్నాయా, చుట్టూ గ్రైండింగ్ చేసిన గీతలు, వెల్డింగ్ అంచు ఏమైనా కాగితం మీద పడ్డాయా అని చూస్తే కళ్లకు కనిపించనిది కూడా కనిపిస్తుంది. పెయింట్ చాలా మందంగా ఉండి నంబరు మసకగా ఉంటే థిన్నర్ గుడ్డతో తుడవనివ్వమని అడగాలి. "అబ్బే, పెయింట్ పాడైపోతుందండీ" అని అడ్డుపడితే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయడమే.

విల్లీస్ అన్న పేరుకి అంత మోజు ఎందుకంటే దానికి కారణం లేకపోలేదు. 1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా యుద్ధ జీపులు చేశాయి, వాటిలో కొన్ని మన దేశంలో ఉండిపోయాయి. నిజమైనదాన్ని పట్టుకోవడానికి చిన్న గుర్తులు ఉంటాయి. ఫోర్డ్ చేసిన జీపుల్లో బోల్టుల తలల మీద, బ్రాకెట్ల మీద కూడా వంకర రాతలో ఎఫ్ అక్షరం ఉంటుంది. కొత్తగా కట్టిన బాడీలో ఇవన్నీ ఉండవు. చక్రాల మధ్య పొడవు కొలిచినా చాలావరకు తెలిసిపోతుంది, యుద్ధకాలపు జీపుకి 80 అంగుళాలు, ఎంఎం 540కి 91. టేపు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం. 91 అంగుళాల బండిని కోసి 80కి తెచ్చి ఉంటే? ఛాసిస్ పొడవునా ఉండే ఇనుప దూలం లోపలి వైపు చెయ్యి పెట్టి తడమాలి. కోసి అతికించిన చోట ఎంత గ్రైండింగ్ చేసినా లోపలి వైపు గట్టు మిగిలిపోతుంది. అలా కోసిన ఛాసిస్ ఉన్న బండి ఫామ్‌హౌస్‌లో తిప్పుకోవడానికి తప్ప రోడ్డుకి పనికిరాదు.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వేరే దారి తెరిచింది, వింటేజ్ రిజిస్ట్రేషన్. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్ 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు 5,000. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్ పోయించుకోవడం, రిపేరు లాంటి వాటికే. చాలామంది అమ్మేవాళ్లు "వింటేజ్ నంబరు తీసుకోవచ్చండీ" అని దీన్నే ఎర వేస్తారు. ఆ నిబంధనల్లోనే ఉంది, బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ గణనీయమైన మార్పు ఉండకూడదు. 1970 నాటి ఫియట్‌లో వేరే ఇంజన్ పెట్టిన రోజే ఆ దారి మూసుకుపోయింది. అంటే ఇంజన్ మార్పు వల్ల పోయేది ఒక్క జరిమానా మాత్రమే కాదు, రేపు రాబోయే విలువ కూడా.

ధర విషయంలో జనం ఎక్కువగా పొరబడేది అమెరికా, ఇంగ్లండ్ వేలాల వీడియోలు చూసి. అక్కడ పాత పోర్షె 911ని పూర్తిగా విప్పి కొత్తగా కట్టే సింగర్ లాంటి సంస్థల బండ్లు అసలు బండి కంటే ఎన్నో రెట్లు పలుకుతాయి, నిజమే. కానీ అక్కడ కొంటున్నది ఆ సంస్థ పేరుని, ప్రతి బోల్టుకీ ఉన్న రికార్డుని, ఆ మార్పును ఒప్పుకున్న చట్టాన్ని కూడా. మన దగ్గర ఫలానా మేస్త్రీ కట్టిన జీపు అంటే ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో గౌరవం ఉండొచ్చు, బదిలీ రోజున ఆ గౌరవం పనికిరాదు. అక్కడ కూడా అందరి మార్పులకీ ధర రాదు, అసలు ఇంజన్ అసలు ఛాసిస్ కలిసి ఉన్న బండికే వేలంలో చేతులు ముందు లేస్తాయి.

ఒక లెక్క వేసుకుందాం, ఊరికే అర్థం కావడానికి. ఒకాయన 3 లక్షలకు కాంటెస్సా కొని, ఇంజన్ పనికి 2 లక్షలు, పెయింటుకి లక్షన్నర, సీట్లు, మ్యూజిక్ సిస్టం, అల్లాయ్ చక్రాలకు ఇంకో లక్షన్నర పెట్టాడనుకోండి. మొత్తం 8 లక్షలు, కాబట్టి 9 అడుగుతాడు. కొనేవాడి కళ్లకు ఆ 8 లక్షలు కనిపించవు. ఆయనకు కనిపించేది తుప్పు లేని బాడీ, ఆర్సీతో కలిసే ఇంజన్, ఎన్నేళ్లు రిజిస్ట్రేషన్ మిగిలింది అన్నది. మ్యూజిక్ సిస్టం ఆయనకు నచ్చకపోవచ్చు, అల్లాయ్ చక్రాలు తీసేసి పాత చక్రాల టోపీలు వెతుక్కునే రకం కావచ్చు. ఒకరి రుచికి పెట్టిన ఖర్చు ఇంకొకరి జేబులోంచి రాదు. బాడీ పనికి, వైరింగుకి, బ్రేకులకి, ఇంజన్ బోరుకి పెట్టినది కొంత వస్తుంది, అదీ బిల్లులు, పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు చూపిస్తేనే. రంగు వేయకముందు బాడీ ఎలా ఉందో చూపించే ఒక్క ఫొటో, వేసిన తర్వాత తీసిన యాభై ఫొటోల పెట్టు, ఎందుకంటే పుట్టీ కింద ఏముందో అదొక్కటే చెప్తుంది. అలాంటి ఫొటో లేకపోతే కొనేవాడు ఒక చిన్న అయస్కాంతం పట్టుకెళ్లి తలుపుల కింది అంచుల్లో, మడ్‌గార్డుల మీద ఆనించి చూడాలి, పట్టుకోని చోట రేకు కాదు, పుట్టీయో ఫైబరో ఉన్నట్టు.

అమ్మేవాళ్లు చేసే పెద్ద తప్పు తీసిన పార్టులు పారేయడం. అసలు స్టీరింగ్, పాత కార్బురేటర్, గ్రిల్లు, మీటరు బోర్డు, చక్రాలు, వీటిని గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టినవాళ్లు అమ్మేరోజు రాజులు. ఆ సంచి బండితో పాటు ఇస్తామంటే "వెనక్కి తిప్పుకోగలిగిన బండి" అని కొనేవాడికి ధైర్యం వస్తుంది, బేరం వేరేలా సాగుతుంది. అసలు ఇంజన్ కూడా, పాడైనా సరే, నంబరుతో సహా ఉంటే ఇంకా మంచిది. దాన్ని బాగు చేయించి తిరిగి పెట్టుకుంటే కాగితం బండి, ఇనుము బండి మళ్లీ ఒకటవుతాయి. పాత ఇంజన్‌ను ఇనుము తూకానికి అమ్మేసి అప్పుడు వచ్చిన నాలుగు వేలు చూసుకున్నవాళ్లు, ఇప్పుడు బేరంలో ఎంత పోగొట్టుకుంటారో లెక్క కట్టకపోవడమే మంచిది.

ఇన్సూరెన్స్ సంగతి క్లుప్తంగా. థర్డ్ పార్టీ పాలసీ ఎవరైనా ఇచ్చేస్తారు, ఆన్‌లైన్‌లో అయితే బండి చూడకుండానే. కానీ మార్పుల గురించి చెప్పకుండా తీసుకున్న పాలసీతో సొంత డ్యామేజి క్లెయిముకి వెళ్తే సర్వేయరు మొదట చూసేది ఇంజన్ నంబరే. ఐదేళ్లు దాటిన బండికి విలువ ఎంత అన్నది కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఖాయం చేసుకోవాల్సిందే, పట్టిక ఉండదు, కాబట్టి మార్పులు రాతపూర్వకంగా చెప్పి, విలువ ఒప్పించుకుని, ఆ ఈమెయిల్ దాచుకోవాలి.

పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలని అందరికీ తెలుసు. ఆ ఫీజు కారుకి 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 అయింది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఫీజు కన్నా ముఖ్యం, పొడిగింపుకు బండిని ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాలి. "ఆర్సీ వచ్చే ఏడాది అయిపోతుంది, రెన్యువల్ మీరు చేయించుకోండి" అని ధర కాస్త తగ్గించి ఇస్తున్నారంటే, ఆ తగ్గింపు ఎందుకో ఆలోచించాలి. మార్పులు చేసిన బండి విషయంలో రెన్యువల్ ఖర్చు కాదు, పరీక్ష. అమ్మేవాడి పేరు మీదే రెన్యువల్ చేయించి ఇవ్వమనడం న్యాయమైన కోరిక, దానికి ఒప్పుకోనివాడి బండిలో ఏదో ఒకటి ఉన్నట్టే.

వేరే రాష్ట్రం బండ్లలో ఢిల్లీవి ఎక్కువ. అక్కడ డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు అన్న నియమం వల్ల బండ్లు చవకగా బయటికి వచ్చాయి. చవక అనుకుని తెచ్చాక పాత రాష్ట్రం నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను, కొత్త నంబరు, మళ్లీ ఒక తనిఖీ. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2014 జూన్‌కి ముందు హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన బండ్లకు ఏపీ 09 లాంటి నంబర్లే ఉన్నాయి. నంబరు ఏపీ అని ఉంది కదా, విజయవాడ తీసుకెళ్తే ఎన్ఓసీ ఎందుకు అనుకుంటారు. ఆ బండి రికార్డు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉంటుంది, కాబట్టి అది వేరే రాష్ట్రం బండే. తెలంగాణ చాలా ఏళ్లు కేంద్రం వాహన్ డేటాబేస్‌లో చేరకుండా సొంత వ్యవస్థ నడిపింది కూడా, అందుకని కేంద్రం యాప్‌లో వివరాలు రాలేదంటే దొంగ బండి అని భయపడనక్కర్లేదు, రాష్ట్రం వెబ్‌సైట్‌లో చూడాలి. 1989కి ముందు నాటి మూడు ఇంగ్లిష్ అక్షరాల నంబర్లున్న బండ్లయితే కొన్ని ఇంకా కంప్యూటర్లోకే ఎక్కలేదు, వాటికి ఆఫీసులో పాత రిజిస్టరు తీయించాల్సి వస్తుంది, ఆ పని పూర్తయ్యేదాకా బేరం అడ్వాన్సు దగ్గరే ఆపాలి.

అమ్మేవైపు అసలు ప్రమాదం ధర తక్కువ రావడం కాదు. ఓపెన్ పేపర్ల మీద అమ్మడం. పేరు బదిలీకి పెట్టే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, తేదీ, కొనేవాడి పేరు ఖాళీగా వదిలి, డబ్బు తీసుకుని తాళం ఇచ్చేస్తారు. బ్రోకరు ఇంకొకరికి, ఆయన ఇంకొకరికి. మార్పులు చేసిన బండి అయితే ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే బదిలీకి వెళ్తే తనిఖీలో దొరుకుతుందేమో అని ఎవరూ తన పేరు మీదకు మార్చుకోరు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది సరిగ్గా ఇలాంటిదే, కారు చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో మొదటి ఆయన పేరే ఉంది, యాక్సిడెంట్ జరిగింది. రిజిస్టరులో పేరు ఎవరిదో చట్టం దృష్టిలో ఓనరు ఆయనే, పరిహారం ఆయనే కట్టాలి అని కోర్టు తేల్చింది. డెలివరీ నోటు రాయించుకున్నాను, డబ్బు ముట్టింది అన్న మాటలు బాధితుడి ముందు పనిచేయవు. డీలరుకి అమ్మితే 2023 ఏప్రిల్ నుంచి కొంత నయం, అధీకృత డీలరుకి బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో ఫారం 29సీ నమోదు చేస్తే బాధ్యత డీలరుది అవుతుంది, కాకపోతే అలాంటి డీలరు ఇంజన్ మార్చిన జీపుని ముట్టుకోడు.

ఇందులో ఇంకో మెలిక. కొన్నవాడు పేరు మారేదాకా చివరి లక్ష ఇవ్వనంటాడు, అమ్మినవాడు మొత్తం డబ్బు చేతికొస్తేగానీ ఆర్టీవో ఆఫీసుకి రానంటాడు. ఇద్దరి మాటా సబబే. దీనికి ఉన్న దారి ఒకటే, స్లాట్ ముందే బుక్ చేసుకుని, బండి తాళం అమ్మేవాడి దగ్గరే ఉంచి, ఇద్దరూ ఒకే రోజు ఆఫీసుకి వెళ్లడం. ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తమన్నప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటారు, అమ్మేవాడు ఆ పూట కాస్త ఇబ్బందిగా కదిలాడంటే మిగిలిన లక్ష కొనేవాడి జేబులోనే ఉంటుంది.